వేడెక్కితే ఆగిపోయే పెట్టె

అటోక్, బెంగెట్ కొండలు
6 ఫిబ్రవరి 2000

తమ్ముడు రూఫోకి,

నిలబడి ఉంటే కూర్చుని చదువు. నిన్న సెవెరో మన షెడ్డుకి వచ్చాడు.

అవును, వాడే. ఈ రెండేళ్లూ మన వాకిలి ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోయేవాడు. నిన్న ఇద్దరు క్యాబేజీ కూలీల చేత కారు తోయించుకుంటూ, ముసలి గాడిదలా రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు. "డిగ్నా, పొద్దున ఒక పట్టాన లేవదు. లేచినా దగ్గుతుంది, నల్లపొగ. ఇంజన్ని నడిపే కంప్యూటర్ పెట్టె పోయిందనుకుంటా" అన్నాడు.

"స్పేర్ పార్టుల కొట్టు మీదేగా. మీ దగ్గర లేని పెట్టెలా?" అన్నాను.

"ఈ పాత మోడల్‌వి దొరకడం లేదు. దొరికినా బిగించే చెయ్యి కింద లా త్రినిదాద్ పట్నంలో ఎక్కడా లేదు. మీ నాన్న చెయ్యి నీకొచ్చింది."

నాన్న పేరెత్తాడు, సిగ్గు లేకుండా! ఊరి సభలో అందరి ముందూ ఛాతీ మీద చెయ్యేసుకుని, "ఆ పెట్టె వరదలో మునిగిన కారులోది, తుక్కని చెప్పే అమ్మాను, రూఫో తెలిసే కొన్నాడు" అని ఒట్టేసిన నోరది. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మెతక పుట్టుక నీది. మంత్రసాని ఫెర్మీనా అత్త ఒక కాన్పు చెయ్యడానికి పోతూ, సీమవంకాయ తీగల వంపు దగ్గర నువ్వు ఆ పెట్టె బిగించిన బండి ఆగిపోయి, బ్రేకు రాయిలా బిగుసుకుని, కొండని గుద్దుకుని ఎడమకాలు పోగొట్టుకుంటే ఊరంతా నీ మీద పడింది. వారం తిరక్కుండా నువ్వు ఆ దీవికి పారిపోయావు. వాడు మాత్రం కొట్టు తెరుచుకుని కూర్చున్నాడు.

ఊరికే కూర్చోనివ్వలేదులే, నీకు రాస్తూనే ఉన్నాను కదా. కూరగాయల సంతలో ఆడవాళ్లందరికీ నేనే చెప్పాను, వాడు నీట మునిగిన సరుకుని మంచిదని అమ్ముతాడని. ఇవాళ వాడి కొట్టుకి మూడు షట్టర్లలో ఒక్కటే లేస్తోంది. వాడి కొడుక్కి కుదిరిన బుగియాస్ సంబంధం కూడా నా నోటి వల్లే తప్పిపోయింది. అయినా నా కడుపు చల్లారలేదు.

ఇప్పుడు విను. వాడి కారూ ఫెర్మీనా అత్త కారూ కవల పిల్లలు. అదే ఏడాది, గేర్లు తమంతట తామే మారే అదే రకం. అత్త కారులోంచి ఊడదీసిన పెట్టె నా దగ్గరే ఉంది, బిస్కెట్ల డబ్బాలో. మూత తియ్యలేదు, తుడవలేదు. దాన్నే వాడి కారుకి బిగిస్తాను.

నాకు ఇంజన్లు తెలుసు గానీ పెట్టెల పని నీది. పైన చీటీ మాసిపోయింది, దాన్ని కొత్తదానిలా ఎలా తుడవాలి? ఎంతసేపు నడిచాక ఆగుతుంది? వెంటనే రాయి.

నీ అక్క
డిగ్నా


లినపకాన్ దీవి, పలావాన్
18 ఫిబ్రవరి 2000

అక్కా,

నీ ఉత్తరం నిన్న చేపల పడవలో వచ్చింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఈ నెల్లో నాలుగు పడవల ఇంజన్లు విప్పాను. ఉప్పుగాలికి బోల్టులు బిస్కెట్లలా విరిగిపోతాయి. తిండికి లోటు లేదు గానీ రోజూ చేపే. పొగబెట్టిన పంది మాంసం ముక్క ఒకటి పంపితే దాని వాసన చూసుకుంటూ బతుకుతాను.

కారు సంగతి. నల్లపొగ, దగ్గు అంటున్నావు కాబట్టి పెట్టె ఒక్కటే అనుకోవద్దు. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, ముందు సీటు పాదాల దగ్గర తివాచీ ఎత్తి, పెట్టెకి వచ్చే మూడు ప్లగ్గులూ విప్పి లోపలి పిన్నులు చూడు. పచ్చగా చిలుము పట్టి ఉంటే తుడిస్తే చాలు. అప్పటికీ బాగుపడకపోతే కొత్త పెట్టె కావాలి. చీటీ మీది అంకె చివరి రెండక్షరాలతో సహా కలవాలి. గేర్లు చేత్తో మార్చే బండి పెట్టె దీనికి పనికిరాదు. దగుపాన్‌లో పాత జపాన్ సరుకు దించేవాళ్లుంటారు, అక్కడ అడుగు.

దొరక్కపోతే దొరకలేదని చెప్పి ఆయన్ని పంపెయ్. పాతవన్నీ తవ్వుకుని ఏం లాభం? ఆ బిస్కెట్ల డబ్బా లోయలోకి విసిరెయ్. ఎవరి పాపం వాళ్లతోనే పోతుంది.

చలికి నీ మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు
రూఫో


అటోక్
1 మార్చి 2000

రూఫోకి,

నా మోకాలు బాగానే ఉంది. చెడింది నీ వెన్నెముకే.

నేను అడిగినవి రెండు. నువ్వు రాసింది బోల్టుల గురించీ చేపల గురించీ. పైగా "ఆయన్ని పంపెయ్" అట! సెవెరో నీకు ఎప్పటినుంచిరా "ఆయన"? నీ పేరు ఊళ్లో బూతుమాట చేసినవాడికి మర్యాద తగ్గకూడదనా? ఇక్కడ పిల్లలు బొమ్మ బండి విరిగితే "రూఫో చేశాడు" అంటున్నారు. తెలుసా నీకు?

నీ సలహా లేకుండానే అన్నీ తెలుసుకున్నాను. చీటీని నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిస్తే తెల్లగా వచ్చింది. అంకె చివరి అక్షరాలతో సహా కలిసింది. వాడి పెట్టె తీసి మన పెట్టె పెట్టి, షెడ్డులోనే ఇంజను వదిలేసి గడియారం చూశాను. గిటార్ తీగలా పాడింది. నలభై నిమిషాలకి టప్పున ఆగిపోయింది. చల్లారనిచ్చి మళ్లీ పెట్టాను. మళ్లీ నలభై. మూడోసారి ముప్పై ఎనిమిది.

ఇక్కణ్నుంచి సీమవంకాయ తీగల వంపుకి ఎంతసేపో నీకు నేను చెప్పాలా?

ఇంకో సంగతి. వాడికి కారు ఎందుకంత అవసరమో తెలిసింది. కొన్సింగ్‌కి, అదే వాడి పెళ్లానికి, మూత్రపిండాలు పోయాయట. మంగళవారం, శుక్రవారం బాగియో ఆస్పత్రిలో రక్తం కడిగించుకోవాలట. బస్సులో నిలబడలేదట. "పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా తీసుకెళ్తాను డిగ్నా, త్వరగా చూడు" అని బతిమాలాడు. నాకు జాలేసిందనుకున్నావా? అయితే ఏం? మన ఇంట్లో మగదిక్కు పోలేదా? అన్నం పళ్లేల్లో ఒకటి ఎప్పుడూ బోర్లించే ఉండదా?

పార్టు తెప్పించానని చెప్పాను. ఇరవయ్యో తేదీ సోమవారం బండి అప్పగిస్తాను. మంగళవారం వాళ్లు బాగియోకి దిగుతారు.

నీకు ధైర్యం లేకపోతే నాకుంది. ఇది నీ కోసమే చేస్తున్నాను. కనీసం ఒక్క మంచిమాట రాయి.

డిగ్నా


తంతి
కొరోన్, పలావాన్ నుంచి
13 మార్చి 2000

డిగ్నాకి, అటోక్. ఆ పెట్టె బిగించవద్దు. బిగిస్తే తీసెయ్యి. ఉత్తరం వస్తోంది. రూఫో.


అటోక్
15 మార్చి 2000

రూఫోకి,

తంతి ముట్టింది. ఇచ్చినవాడు "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "ఇంకా లేదు" అన్నాను.

వద్దంటావు. ఎందుకు వద్దో ఒక్క ముక్క లేదు. తంతిలో మాట మాటకీ డబ్బు పడుతుందని తెలుసు గానీ, సెవెరో మీద నీకున్న దయకి కారణం ఒక్క మాటలో కూడా దొరకలేదా?

రెండేళ్ల నుంచీ నీ బదులు నేను పళ్లు కొరుక్కుంటున్నాను. ఫెర్మీనా అత్త గుమ్మం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆవిడ చంకకర్రల చప్పుడు వినాలి. తప్పు మాది కాదు అత్తా అని ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఊఁ" అంటుంది. అంతే. ఆ "ఊఁ" నా ఎముకల్లో దిగిపోయింది. దాన్ని సెవెరో చేత కక్కిస్తాను.

పెట్టె బిగించాను. తివాచీ పరిచాను. పాదముద్రలు కూడా తుడిచాను.

డిగ్నా


కొరోన్ రేవు, పలావాన్
13 మార్చి 2000

అక్కా,

తంతి పంపి, తపాలా ఆఫీసు బల్ల మీదే ఇది రాస్తున్నాను. మనీలా పోయే ఓడ గంటలో కదులుతుంది. దాని వంటవాడు తన చేత్తో బాగియో బస్సుకి అందిస్తానన్నాడు.

సెవెరో మామ అబద్ధం చెప్పలేదు.

ఆయన నాకు ఆ పెట్టె తుక్కనే ఇచ్చాడు. "వరదలో మునిగింది రా, లోపలి ముక్కలు ఏవైనా పనికొస్తే పీక్కో, బండికి మాత్రం పెట్టకు" అని రెండుసార్లు చెప్పాడు. నేను ఇంటికి తెచ్చి మూత తీశాను. లోపల కెపాసిటర్లని చిన్న డబ్బాల్లాంటివి రెండు కారిపోయి, కరెంటు పోయే రాగి దారి ఒకటి తెగి ఉంది. మార్చాను, తీగతో అతుకేశాను. ఫెర్మీనా అత్త బండికి పెడితే లేచింది. ఎంత పొంగిపోయానో! కొండల్లో ఎవడూ బాగుచెయ్యలేనిది నేను చేశాననుకున్నాను. పది నిమిషాలు నడిపి చూశాను, అంతే. నలభై నిమిషాలు నడిపి చూసుంటే తెలిసేది. నువ్వు చూశావు. నేను చూడలేదు.

ఫెర్మీనా అత్తకి మంచి పెట్టె అనే చెప్పాను.

నువ్వు ఎన్నడూ మూత తియ్యలేదు కాబట్టి నీకు తెలియలేదు. తీసి చూడు. అతుకు తీగ పసుపుది. మన షెడ్డులో నాన్న రేడియోకి కొన్న చుట్టలోది.

సభలో నేను తల దించుకుంది మెతకదనంతో కాదు. ఆయన మాట నిజం కాబట్టి.

ఊరొదిలే ముందు ఫెర్మీనా అత్త దగ్గరికి ఆస్పత్రికి వెళ్లాను. అంతా చెప్పి, రేపు మళ్లీ సభ పెట్టించి అందరి ముందూ ఒప్పుకుంటాను అన్నాను. ఆవిడ పడుకునే నా జుట్టు పట్టుకుని మొహం దగ్గరికి లాగింది. "ఒప్పుకుంటే నీ గుండె తేలికవుతుంది. అది నేను నీకివ్వను. ఎవ్వరికీ చెప్పకు. మీ అక్కకి కూడా. మోసుకుని తిరుగు" అంది. ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పలేదని రాస్తే నా గొప్ప కోసం రాసినట్టే. ఆవిడ ఒట్టు అడిగినప్పుడు నాకు లోపల్లోపల హాయిగానే అనిపించింది. చెప్పకుండా తప్పించుకునే దారి దొరికిందిగా.

నువ్వు సెవెరో మామ మీద సంతలో లేపిన పుకార్లు నీ ఉత్తరాల్లో చదివినప్పుడల్లా కలం పట్టుకునేవాణ్ని. పెట్టేసేవాణ్ని. ఇవాళ ఒట్టు తప్పాను. నా కోసం ఒక మనిషిని చంపకు అక్కా. నన్ను ఏం చేసినా చెయ్. ఆ పెట్టె తీసెయ్.

రూఫో


అటోక్
26 మార్చి 2000

రూఫోకి,

నీ పదమూడో తేదీ ఉత్తరం మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి జీప్నీ బండి నడిపేవాడు తెచ్చి ఇచ్చాడు. సెవెరో మామ కారు తొమ్మిదింటికే దిగిపోయింది. వెళ్తూ వెళ్తూ హారన్ కొట్టి చెయ్యూపాడు కూడా.

మొదటి పేజీ చదివాను. రెండోది రోడ్డు మీద చదివాను. పక్కింటి వాళ్ల క్యాబేజీ లారీ స్టార్టింగులో ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. అడగలేదు. ఎక్కి కొండ కిందికి తోలేశాను. వాడు గ్లాసు పట్టుకుని వెనక కొంతదూరం పరుగెత్తాడు. ఒక్కో మలుపు దగ్గర గడియారం చూసుకున్నాను. తొమ్మిదీ ముప్పై ఎనిమిది దాటాక చూడటం మానేశాను.

వంపుకి ఈ పక్కనే, ఊటనీళ్ల గొట్టం దగ్గర కారు కనిపించింది. కొన్సింగ్ అత్తకి వాంతి వచ్చి ఆపారట. నీళ్లు పట్టిస్తుండగా ఇంజను దానంతటదే ఆగిపోయింది. నిలబడి ఉండగా. అంతే జరిగింది. నా గొప్పేమీ లేదు, నీ గొప్పా లేదు. ఒక జబ్బుమనిషికి కడుపులో తిప్పింది కాబట్టి వాళ్లిద్దరూ బతికారు.

ఆయన బానెట్టు ఎత్తి తల దూర్చి ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చావా? నీ కొత్త పెట్టె అప్పుడే పోయినట్టుంది" అని నవ్వాడు.

నేను తివాచీ లాగేశాను. పెట్టె ఊడబెరికి రోడ్డు మీద పెట్టి, స్క్రూడ్రైవరుతో మూత లేపాను. పసుపు తీగ. మామా, అని మొదలుపెట్టి అంతా చెప్పాను. సభ సంగతి, సంత సంగతి, బుగియాస్ సంబంధం, నలభై నిమిషాలు, అన్నీ. ఆయన పెట్టెని బూటు కొనతో తిప్పి చూశాడు. "ఇది నేనెరుగుదును" అన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా.

"ముందు కొన్సింగ్‌ని ఆస్పత్రికి చేర్చు. నిన్నేం చెయ్యాలో తర్వాత చూస్తాను" అన్నాడు.

లారీ ముందు సీట్లో కొన్సింగ్ అత్త నా భుజానికి ఆనుకుని కూర్చుంది. కూర్చునే ఓపిక లేక. వంపు దాటాక అడిగింది. "మా వాడి పెళ్లి చెడగొట్టింది కూడా నువ్వేనా?"

"అవునత్తా."

నా భుజం మీంచి తల తీసి, ఆస్పత్రి దాకా తలుపుకి ఆనుకుని కూర్చుంది. దిగాక గోడ పట్టుకుని నిలబడి, "ఇంటికి తీసుకెళ్లడానికి నువ్వు రాకు. పాకుతూనైనా నేనే పోతాను" అంది.

గురువారం నేను దగుపాన్ వెళ్లాను. మంచి పెట్టె దొరికింది. నలభై నిమిషాలు కాదు, నాలుగు గంటలు నడిపి చూశాను. బిగించి ఇచ్చాను. సెవెరో మామ ఒక్కటే అడిగాడు. ఎక్కడ నన్ను చెడ్డ చేశావో అక్కడే నిలబడి సరిచెయ్యమన్నాడు. ఇవాళ ఆదివారం సంత. క్యాబేజీ బుట్ట బోర్లించి దాని మీద నిలబడి చెప్పాను. నా తమ్ముడు చేసింది, నేను చేసింది. నేను చెప్పినప్పుడు పరుగున నమ్మినవాళ్లు, ఇవాళ నిజం చెబుతుంటే బంగాళాదుంపలు ఏరుకుంటూ నిలబడ్డారు. ఒక ముసలిది ఉమ్మింది. నా చెప్పు మీద పడింది. తుడుచుకోలేదు.

అక్కణ్నుంచి ఫెర్మీనా అత్త ఇంటికి వెళ్లి, పెట్టె తప్పు నీదేనని చెప్పాను.

"తెలుసు" అంది.

"తెలిసీ రెండేళ్లు నోరు మూసుకున్నావా? నేను సెవెరో మామ కొంప ముంచుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నా కాలు నరికి బకెట్లో వేశారే పిల్లా. తర్వాత ఇంకొకడి కొట్టు మూతబడితే నాకు కనపడుతుందా? మీ వాడు కుళ్లాలనుకున్నాను. నువ్వూ కుళ్లావు. మీరంతా కుళ్లుతుంటే నా కాలు నొప్పి కొంచెం తగ్గేది."

మంగళవారం ఏం జరగబోయిందో చెప్పాను. నలభై ఏళ్లలో ఈ కొండల్లో సగం మందిని భూమ్మీదికి లాగిన మనిషి. కొన్సింగ్ అత్త పిల్లలు ముగ్గుర్నీ తనే లాగింది. చంకకర్ర మొనతో నేల మీద గీతలు గీసింది. తర్వాత ఇలా అంది, అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"మీ వాణ్ని రమ్మను. క్షమించడానికి కాదు. నా బండి రేకుల పాకలో పడి ఉంది. గుద్దుకున్న ముందు భాగం సరిచేయించాను, పెట్టె ఒక్కటే లేదు. ఆ బండి నడపడానికి కుడికాలు చాలు, అది నాకుంది. వాణ్ని వచ్చి కొత్త పెట్టె బిగించమను. బిగించాక పక్కసీట్లో కూర్చోమను. నేను నడుపుతాను, బాగియో దాకా. వంపు దగ్గర వాడి మొహం నేను చూడాలి."

రెండేళ్లు నీ కోసం ఒకణ్ని ద్వేషించాను. అదంతా ఇప్పుడు ఎక్కడ దించాలో తెలియక నీ వైపు తిరిగి నిలబడి ఉన్నాను. నువ్వు రాకపోతే నీ ఉత్తరం ఊరి సభ జరిగే చోట గోడకి అంటిస్తాను. వస్తే ఏం చేస్తానో నాకూ తెలియదు. పడవ ఎక్కు.

డిగ్నా


కొరోన్ రేవు
8 ఏప్రిల్ 2000

అక్కా,

ఓడ మధ్యాహ్నం మూడింటికి. నాలుగు రోజుల్లో చేరతాను. ఉత్తరం నాకంటే ముందు రావచ్చు, రాకపోవచ్చు.

గోడకి అంటించు. నేను వచ్చినా సరే అంటించు. సెవెరో మామకి చదివి వినిపించు.

పెట్టె మనీలాలో చూశాను అని ఒక చేపల వ్యాపారి చెప్పాడు, దిగగానే అక్కడికే పోతాను. మూత తీసి ప్రతి అతుకూ భూతద్దంతో చూస్తాను. ఎన్ని గంటలు నడిపి చూడాలో ఫెర్మీనా అత్తనే చెప్పమను, అన్ని గంటలూ నడుపుతాను. ఆ తర్వాత కూడా నాకు భయమేనని ఆవిడతో చెప్పు. ఇప్పుడే అక్షరాలు చూడు ఎలా ఉన్నాయో. ఆవిడ చూడాలనుకున్న మొహం ఆవిడకి తప్పకుండా దొరుకుతుంది.

స్టాండుకి నువ్వు రాకు. పగలే దిగుతాను, సంత మధ్యలోంచే నడిచి వస్తాను.

ఒక్కటి అడిగి ఉంచు. పక్కసీట్లో కూర్చున్నాక నేను బెల్టు పెట్టుకోవచ్చా, కూడదా? ఆవిడ ఎలా చెబితే అలా.

రూఫో